బొటనవేలి బొడిపె నొప్పిని అదుపులో పెట్టుకునే మార్గం

కాలి బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున, ఎముక ఉబ్బినట్టుగా ఒక బొడిపె కనిపిస్తూ, వేలు మెల్లమెల్లగా రెండో వేలి మీదికి ఒరిగిపోవడాన్ని వైద్యులు హాలక్స్ వాల్గస్ అంటారు. కొందరు బునియన్ అని కూడా రాస్తారు. చూడటానికి అక్కడ కొత్త ఎముక పెరిగినట్టే ఉంటుంది గానీ, జరిగేది ప్రధానంగా ఎముకలు పక్కకు జరగడమే. బొటనవేలికి ఆధారంగా ఉండే పొడవాటి పాదపు ఎముక రెండో పాదం వైపుకు, వేలు మిగతా వేళ్ల వైపుకు జరిగేసరికి, ఆ రెండూ కలిసే కీలు ఒక మూలగా బయటికి పొడుచుకొస్తుంది. ఆ మూల మీద చెప్పు పట్టీ ఒరుసుకున్నప్పుడల్లా చర్మానికీ ఎముకకూ నడుమ ఉండే సన్నని ద్రవపు సంచి వాచి, పైన చర్మం ఎర్రబడి, నొప్పి మొదలవుతుంది.

దీన్ని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఎముక వంపు ఒక సంగతి, నొప్పి మరొక సంగతి. వంపును నూనెలు గానీ, పట్టీలు గానీ, మర్దన గానీ వెనక్కి తిప్పలేవు. నొప్పిని మాత్రం చాలామంది శస్త్రచికిత్స జోలికి పోకుండానే, రాపిడిని తగ్గించుకుని అదుపు చేసుకోగలుగుతారు. బొడిపె పెద్దదిగా ఉన్నా నొప్పి లేనివారు ఉన్నారు, చిన్న బొడిపెతోనే నడవలేనివారూ ఉన్నారు. అందువల్ల డబ్బును, ఓపికను వేలిని నిటారుగా చేస్తామనే వస్తువుల మీద కాకుండా, రాపిడిని తగ్గించే పనుల మీద ఖర్చు పెట్టడం మేలు.

ఈ సమస్య కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది; తల్లికీ అమ్మమ్మకూ ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ముందువైపు ఇరుకైన చెప్పులు, ఎత్తు మడమలు ఉన్నదాన్ని పెంచుతాయి. చదునైన పాదాలు, వదులు కీళ్లు, రుమటాయిడ్ కీళ్లవాతం దానికి తోడవుతాయి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పెద్దవారు ఒంట్లో ఏ కీలు నొప్పి పెట్టినా ఫ్లోరైడ్ నీళ్లనే తప్పు పడతారు. ఆ నీళ్లు తాగిన తరాలు పడిన బాధ తెలిసినవారెవరూ ఆ మాటను తేలికగా తీసుకోలేరు. అయినా ఎముకల ఫ్లోరోసిస్ ముఖ్యంగా బిగబెట్టేది వెన్నెముకను, పెద్ద కీళ్లను; బొటనవేలు పక్కకు ఒరగడానికి అది గుర్తించిన కారణం కాదు. నీళ్ల మీద నెపం పెట్టి చెప్పుల సంగతి పట్టించుకోకపోతే నొప్పి అలాగే ఉండిపోతుంది.

ముందు చెప్పులు

మొదట చేయవలసిన పని ఇంట్లో ఉన్న చెప్పులన్నిటినీ పరీక్షించడం. సాయంత్రం వేళ, పగలంతా తిరిగి పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నేల మీద ఒక తెల్ల కాగితం పరిచి దాని మీద బరువంతా మోపి నిలబడాలి. పెన్సిలును నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయమని ఇంట్లో ఒకరికి చెప్పాలి, ఎందుకంటే సొంతంగా వంగి గీసుకుంటే బరువు ఒకవైపుకు పోయి కొలత తప్పుతుంది. రెండు పాదాలకూ విడివిడిగా గీయాలి. చాలామందికి ఒక పాదం రెండోదాని కంటే కొంచెం పెద్దది. ఆ బొమ్మల మీద చెప్పును పెట్టి చూసినప్పుడు గీత చెప్పు అంచు దాటి బయటికి కనిపిస్తే, ముఖ్యంగా బొడిపె ఉన్న చోట దాటితే, ఆ చెప్పు ఎంత ఖరీదైనదైనా ఆ పాదానికి పనికిరాదు. కొత్త చెప్పులు కొనేటప్పుడు ఈ కాగితాన్ని మడిచి వెంట తీసుకుపోవచ్చు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లోని దుకాణంలోనైనా, ఊరి అంగడిలోనైనా, అంకె చూసి కొనడం కంటే కాగితం మీద పెట్టి కొనడం నమ్మదగినది, ఎందుకంటే ఒక కంపెనీ ఏడో నంబరు మరో కంపెనీ ఏడో నంబరుతో సరిపోదు.

చెప్పు ముందుభాగం గుండ్రంగానో చదరంగానో వెడల్పుగా ఉండాలి. అన్నిటికంటే పొడవైన వేలికీ చెప్పు కొసకూ మధ్య దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మడమ ఎత్తు రెండున్నర సెంటీమీటర్లకు మించకపోవడం మంచిది, ఎందుకంటే మడమ పైకి లేచినకొద్దీ శరీరపు బరువు ముందుకు జారి నేరుగా బొటనవేలి కీలు మీద పడుతుంది. అలాగని మరీ పలుచని, అరిగిపోయిన రబ్బరు చెప్పులూ మంచివి కావు. అడుగు మరీ మెత్తగా ఉండి ఎక్కడ పడితే అక్కడ మడతపడే చెప్పుతో కీలు ప్రతి అడుగుకూ అవసరానికి మించి వంగుతుంది. చేత్తో వంచి చూస్తే చెప్పు వేళ్ల మొదట్లో మాత్రమే వంగాలి గానీ నడుమ విరిగినట్టు వంగకూడదు.

మన దగ్గర ఎక్కువమంది వేసుకునేది బొటనవేలికీ రెండో వేలికీ నడుమ నుంచి పట్టీ వచ్చే చెప్పులు. వాటికి ఒక మేలు ఉంది, వేళ్లు నొక్కుకుపోవు. కానీ అవి వదులైపోయినప్పుడు, చెప్పు జారిపోకుండా నడిచేవారు తమకు తెలియకుండానే వేళ్లతో దాన్ని బిగించి పట్టుకుంటారు. రోజంతా అలా పట్టుకుంటే వేళ్లు వంకరపోతాయి, కీలు అలిసిపోతుంది. పైగా బొటనవేలు ఒరిగిపోయినవారికి ఆ సందే ఉండదు కాబట్టి పట్టీ అక్కడ గుచ్చుకుంటుంది. అటువంటివారికి పాదం మీద అడ్డంగా వెడల్పాటి మెత్తని పట్టీ, మడమ వెనక మరో పట్టీ ఉండి, అతికించే పట్టీతో బిగువు మార్చుకోగల చెప్పులు నయం. మందుల దుకాణాల్లో ఎంసీఆర్ చెప్పులు అని అడిగితే దొరికే మెత్తని రబ్బరు అడుగు చెప్పులు మధుమేహం ఉన్నవారికే అనుకుంటారు. ఈ నొప్పికీ అవి బాగా పనికొస్తాయి. కొనేటప్పుడు అడ్డపట్టీ కుట్టు సరిగ్గా బొడిపె మీదికి రాకుండా చూసుకోవాలి. వచ్చినా, చెప్పులు కుట్టేవారి దగ్గరికి తీసుకుపోయి ఆ కుట్టును ఒక వేలెడు వెనక్కి మార్పించుకోవడం పెద్ద ఖర్చు కాదు. తోలు బూట్లయితే బొడిపె ఉన్న చోటునే సాగదీసి ఇచ్చేవారూ ఉన్నారు.

ఆడపిల్లల బడి బూట్ల గురించి ఒక మాట. ఒకసారి కొన్న నల్లబూట్లను రెండేళ్లు లాగించాలని చూడటం, అక్క విప్పిన బూట్లను చెల్లికి తొడగడం మన ఇళ్లలో మామూలే. ఇంట్లో ఈ బొడిపె ఉన్నవారున్నప్పుడు మాత్రం పిల్లల పాదాలను మూడు నాలుగు నెలలకొకసారి కాగితం మీద గీసి చూడటం అవసరం.

మట్టెలు

బొటనవేలు ఒరిగినకొద్దీ మట్టెలు పెట్టుకునే రెండో వేలి మీద ఒత్తిడి పడుతుంది. వెండి మట్టె అంచు రెండు వేళ్ల నడుమ చిక్కుకుని చర్మాన్ని కోస్తుంది. తడిలో పనిచేసేవారికి అక్కడ పుండు పడటానికి ఎంతోసేపు పట్టదు. మట్టెలు తీసేయమని చెప్పడం సులభం, కానీ మన ఇళ్లలో అది కుదరదు. సన్నని, అంచులు నునుపుగా ఉన్న, సాగే రకపు మట్టెలకు మారవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు, వేలు వాచినప్పుడు తీసి పెట్టవచ్చు. బిగుసుకుపోయి రాకపోతే లాగకుండా, పాదాన్ని కొంతసేపు దిండు మీద ఎత్తి పెట్టి, సబ్బు నీళ్లు రాసి మెల్లగా తిప్పుతూ తీయాలి. అప్పటికీ రాకపోతే, లేదా వేలు నీలంగా మారితే, ఆలస్యం చేయకుండా కత్తిరింపించుకోవాలి.

మెత్తలు, వేళ్ల నడుమ బిళ్లలు

బొడిపె మీద రాపిడిని తప్పించడానికి మెత్త పెట్టేవారిలో చాలామంది దాన్ని సరిగ్గా బొడిపె మీదనే పెడతారు. దానితో ఎత్తు ఇంకా పెరిగి, చెప్పు మరింత నొక్కుతుంది. మందపాటి ఫెల్టు గానీ మెత్తని స్పాంజి గానీ తీసుకుని, నడుమ బొడిపె కంటే కొంచెం పెద్ద రంధ్రం ఉండేలా గారె ఆకారంలో కత్తిరించి, బొడిపె ఆ రంధ్రంలో కూర్చునేలా అతికించాలి. అప్పుడు పట్టీ ఒత్తిడి చుట్టూ ఉన్న చర్మం మీద పడుతుంది గానీ నొప్పి ఉన్న చోట పడదు. చెమట పట్టే ఎండాకాలంలో జిగురు పట్టీ కింద చర్మం నానుతుంది కాబట్టి, రాత్రికి తీసేసి పాదాన్ని కడిగి ఆరబెట్టాలి.

బొటనవేలికీ రెండో వేలికీ నడుమ పెట్టే సిలికాన్ బిళ్లలు వేళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా ఆపుతాయి. వాటిని ఇరుకు బూట్లలో పెట్టుకుంటే మాత్రం నొప్పి ఎక్కువవుతుంది, ఎందుకంటే లోపల లేని చోటును అవి ఇంకా ఆక్రమిస్తాయి. రాత్రిపూట వేలిని లాగి పట్టే పట్టీల విషయంలో స్పష్టంగా ఉండటం మంచిది: కట్టుకున్నంతసేపు కొందరికి హాయిగా ఉంటుంది, విప్పిన తర్వాత వేలు తన వంపుకే పోతుంది. వేలు మొద్దుబారేంత గట్టిగా ఎప్పుడూ కట్టకూడదు.

నొప్పి ముదిరిన రోజున

ఎక్కువ నడిచిన రోజో, తొమ్మిది రోజులు వరుసగా చెప్పుల్లేకుండా బతుకమ్మ ఆడిన తర్వాతో, చెర్వుగట్టు గుడి మెట్లు ఎక్కి దిగిన తర్వాతో కీలు వాచి వేడెక్కుతుంది. అప్పుడు చేయవలసింది పాదానికి విశ్రాంతి ఇచ్చి, గుండె ఎత్తుకు కొంచెం పైగా ఉండేలా దిండ్ల మీద పెట్టడం, చల్లదనం పెట్టడం. ఐసు ముక్కలను పలుచని తువ్వాలులో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టి తీసి, మళ్లీ రెండు మూడు గంటల తర్వాత పెట్టవచ్చు; ఐసును నేరుగా చర్మానికి తాకించకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కుండ నీళ్లలో తడిపిన గుడ్డ కొంతవరకు పనిచేస్తుంది. వాపు, వేడి ఉన్న రోజున కాపడం పెట్టకూడదు. వాపు పోయి కీలు బిగుసుకున్నట్టు అనిపించినప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్లలో కాసేపు పాదాలు పెట్టుకోవడం హాయినిస్తుంది.

మందుల్లో డైక్లోఫెనాక్ జెల్‌ను గాయం లేని చర్మం మీద రాయడం చాలామందికి మొదటి మెట్టుగా సరిపోతుంది. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు వాడేటప్పుడు పెద్దలకు 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు; కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు అంతకంటే చాలా తక్కువకే పరిమితం కావాలి, అదీ వైద్యుణ్ణి అడిగి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు హాని చేయవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని మరునాడు పొలానికి పోవడం అలవాటైన వారు ఆ సూదిలో ఏముందో అడగడం నేర్చుకోవాలి. నొప్పి ఒక్కరాత్రిలో మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. దాన్ని మాటిమాటికీ వేయించుకుంటే చక్కెర పెరుగుతుంది, ఎముక పలుచబడుతుంది.

కొన్ని పనులు అసలు చేయకూడదు. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు వేసి కాపడం పెట్టడం, స్పర్శ తగ్గిన పాదానికి, బొబ్బలెక్కే వరకు తెలియని ప్రమాదం. బొడిపె పైన గట్టిపడిన చర్మాన్ని బ్లేడుతో చెక్కకూడదు. నానబెట్టి, బండతో మెల్లగా రుద్దితే చాలు. కట్టు కట్టేవారి దగ్గర వేలిని గుంజించి సరిచేయించుకోవాలని చూస్తే, వంపు పోదు సరికదా, కీలు చుట్టూ ఉన్న నరాలు, కండరపు బంధాలు తెగే ముప్పు ఉంటుంది. ఆముదం రాసి పాదాన్ని మెల్లగా మర్దన చేసుకోవడం వల్ల మాత్రం నష్టం లేదు.

వ్యాయామాలు

ఇవి వంపును తీయవు, కానీ పాదపు చిన్న కండరాలను బలపరచి నడకను తేలిక చేస్తాయి. నేల మీద తువ్వాలు పరిచి, కుర్చీలో కూర్చుని, మడమ కదలకుండా వేళ్లతో దాన్ని దగ్గరికి లాక్కోవాలి. పిల్లల గోలీలు పది పరిచి, ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టి గిన్నెలో వేయడం ఇదే పనికి మరో దారి; మనవలు పక్కన ఉంటే ఇది విసుగు పుట్టించదు. రెండు బొటనవేళ్లకూ కలిపి ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, మడమలు దగ్గరగానే ఉంచి, పాదాల ముందుభాగాలను నొప్పి లేనంత మేరకే దూరం జరిపి కొన్ని క్షణాలు నిలపవచ్చు. పిక్కలు బిగుసుకుపోయినవారికి నడకలో బరువు ముందరి పాదం మీదికి త్వరగా పోతుంది కాబట్టి, గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమను నేలకు ఆనించే ఉంచి 30 సెకన్లు సాగదీయడం, ఒక్కో కాలికి మూడుసార్లు చేయడం మంచిది. నొప్పి ముదిరిన రోజున ఇవేవీ చేయవద్దు.

పనిచేసే చోట

వరినాట్లు వేసేవారికి బురద మెత్తగానే ఉంటుంది. వారికి అసలు చిక్కు గంటల తరబడి నానిన చర్మం. బొడిపె మీద పగిలిన చర్మం ద్వారా క్రిములు లోపలికి పోతాయి. పని అయ్యాక మంచి నీళ్లతో కడిగి, వేళ్ల సందులతో సహా తుడిచి ఆరబెట్టి, పగుళ్లకు పూత రాసుకోవాలి. పాముల భయంతో పత్తి చేన్లలో గమ్‌బూట్లు వేసుకునేవారు ఒక నంబరు పెద్దవి తీసుకుని, మందపాటి మేజోళ్లతో వేసుకోవడం నయం.

పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాల వైపు గుంట మగ్గాల మీద కూర్చునేవారి పరిస్థితి వేరు. కాలితో తొక్కే కర్ర మీద బరువు రోజంతా ముందరి పాదం మీదే పడుతుంది. అలవాటుగా బొటనవేలి అంచుతో తొక్కేవారికి బొడిపె దగ్గర నొప్పి ఆగదు. కర్రకు మెత్తని రబ్బరు గానీ పాత గుడ్డ గానీ వెడల్పుగా చుట్టి, వేళ్ల మొదళ్లన్నిటితో కలిపి తొక్కేలా మార్చుకోవడం, గంటకొకసారి గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయడం చేయదగిన మార్పులు. బండల మీద నిలబడి వండేవారు కాళ్ల కింద మందపాటి పట్టా వేసుకోవాలి, ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవాలి. శరీరపు బరువు తగ్గినా కీలు మీద భారం తగ్గుతుంది.

వైద్యుణ్ణి ఎప్పుడు చూడాలి

మధుమేహం ఉన్నవారికి పైన చెప్పిన ఇంటి పద్ధతులన్నీ వైద్యుణ్ణి అడిగిన తర్వాతే. వారు రోజూ పడుకునే ముందు పాదాలను, అడుగుభాగాన్ని అద్దంలో చూసుకోవాలి. ఆనెకాయలకు వాడే మందు పట్టీలను అతికించకూడదు, ఎందుకంటే వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది. బొడిపె మీద పుండు, చీము, చుట్టూ పాకే ఎరుపు, జ్వరం ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

బొటనవేలి మొదటి కీలు ఒక్కరాత్రిలో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెడితే అది బొడిపె నొప్పి కాకుండా గౌట్ కావచ్చు. యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కీలులో చేరడం వల్ల వచ్చే ఆ జబ్బుకు చికిత్స వేరు. ఉదయం లేవగానే చేతివేళ్ల కీళ్లు కూడా గంటసేపు బిగుసుకుని ఉంటే రుమటాయిడ్ వాతం కోసం పరీక్ష చేయించాలి. ఇవేవీ లేకపోయినా, వెడల్పాటి చెప్పులకు మారి కొన్ని నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే, లేదా బొటనవేలు రెండో వేలి కిందికో పైకో ఎక్కితే, ఎముకల వైద్యుణ్ణి చూడాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. ఎక్స్‌రేను నిలబడి, పాదం మీద బరువు మోపి తీయించుకోవాలి. పడుకోబెట్టి తీస్తే వంపు అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. బొటనవేలికీ పాదపు ఎముకకూ నడుమ కోణం 15 డిగ్రీలు దాటితే వంపు ఉన్నట్టు, 40 డిగ్రీలు దాటితే తీవ్రమైనట్టు సాధారణంగా లెక్కిస్తారు.

శస్త్రచికిత్స నొప్పి కోసమే గానీ అందం కోసం కాదు. దీనికి వందకు పైగా పద్ధతులు ఉన్నాయి; ఎక్కువగా ఎముకను కోసి, జరిపి, స్క్రూలతో బిగిస్తారు. ఎముక అతకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అంతవరకు ప్రత్యేకమైన చెప్పుతోనే నడవాలి; వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. కొందరిలో వంపు మళ్లీ తిరిగి వస్తుంది, ముఖ్యంగా పాత ఇరుకు చెప్పులకే తిరిగిపోయినవారిలో. ఎముకలు ఎదిగే వయసు పిల్లలకు సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యే వరకు ఆగుతారు. వ్యవసాయం మీద బతికేవారు ముహూర్తం చూసుకోవలసింది ఇక్కడే: నాట్లకు ముందు నెలలో చేయించుకుంటే ఆ వానాకాలం పోయినట్టే. యాసంగి వరికోతలు ముగిసిన వెంటనే చేయించుకున్నా జూన్ కల్లా బురదలో దిగే స్థితి ఉండదు కాబట్టి, ఆ పంటకు నాటే పని ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది, తేదీ ఖాయం చేసుకోకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, రెండు పాదాలకూ సమస్య ఉంటే ఏది ముందు చేస్తారో, నడవలేని వారాల్లో ఇంట్లో ఎవరు తోడుంటారో తేల్చుకుని వెళ్లాలి.